కళింగ అకాడమీకి తొమ్మిదో స్థానం

కాలేజీలకు ర్యాంకులు ఇవ్వడం నా వృత్తి. పాతికేళ్ళుగా అదే పని. చదివి బయటికొచ్చినవాళ్ళకు జీతం ఎంత, మధ్యలో మానేసేవాళ్ళు ఎందరు, ఒక్కో మేష్టారికి పిల్లలెందరు, సీటు కోసం వచ్చినవాళ్ళలో ఎంతమందిని గుమ్మంలోంచే తిప్పి పంపారు... ఇవన్నీ కలిపి రుబ్బితే ఒక అంకె వస్తుంది. ఆ అంకె చూసి తల్లిదండ్రులు పిల్లల్ని తోలుతారు. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. అంకె లేకపోతే ఇంకా ఘోరంగా, పక్కింటివాళ్ళను అడిగి తోలుతారు.

నౌకాదళ అకాడమీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా రుబ్బుడు పారలేదు. అక్కడ ఫీజు లేదు. చదువైన ప్రతివాడికీ ఉద్యోగం ఖాయం, అందరికీ ఒకటే జీతం. దేశంలో ఇప్పుడు తొమ్మిది అకాడమీలుంటే తొమ్మిదింటికీ ఇంచుమించు ఒకే మార్కులు వచ్చి కూర్చునేవి. ర్యాంకులిచ్చే మా సంస్థ అధిపతి తారకనాథ్ గారికి అది తల కొట్టేసినట్టుండేది.

"డాక్టరు గారూ, జనం మనల్ని వరుస అడుగుతున్నారండీ. మనం గుంపును చూపిస్తున్నాం" అని నా బల్ల ముందు నిలబడి గునిసేవారు.

నిజానికి సైనిక అకాడమీ మంచిదో కాదో తేలేది యుద్ధంలోనో తుఫానులోనో. అందుకోసం ఎవరూ యుద్ధం తెప్పించలేరు కదా. ఆలోచించగా ఆలోచించగా నాకు నకలు తట్టింది. సంస్థవాళ్ళు దానికి సంస్కృతంలో పెద్ద పేరే పెట్టారు గానీ, విశాఖలోని మా ల్యాబులో మాత్రం నకలు అనే అనేవాళ్ళం.

క్యాడెట్ నలభై నిమిషాలు మా టోపీ పెట్టుకుని కూర్చోవాలి. ఆ నలభై నిమిషాల్లోనూ అతన్ని ప్రశ్నలడుగుతాం, బెదరగొడతాం, అలసిపోయేదాకా లెక్కలు చేయిస్తాం. అతని మనసు ఏ దారిలో నడుస్తుందో టోపీ పట్టేస్తుంది. తర్వాత అతను ఇంటికి పోయి అన్నం తింటాడు. అతని నకలు మా యంత్రంలో ఒక ఓడకు నాయకత్వం వహిస్తూ తుఫానులో నిలబడుతుంది. ఒక్క రోజులో వెయ్యి తుఫానులు. ప్రమాదం కనబడ్డాక ఎన్ని సెకండ్లలో ఆజ్ఞ ఇచ్చింది, ఓడ ఒడ్డుకు చేరిందా, అధికారి తన చోటు వదిలి పోయాడా అన్నవి చూసి మార్కులు వేస్తాం. అందరికీ న్యాయం జరగాలని ప్రతి నకలుకూ ఒకే రకం సిబ్బందిని ఇచ్చాను. వాళ్ళు బొమ్మ నావికులు. చెప్పింది చేస్తారు, నోరెత్తరు. ఈ ఏర్పాటు చూసుకుని నేను మురిసిపోయిన రోజులున్నాయి.

మా అమ్మాయి హిమజ కళింగ అకాడమీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. భీమిలి దాటాక సముద్రం వైపు కొండ మీద ఉంటుంది ఆ అకాడమీ. పక్షపాతం అన్న మాట రాకూడదని, క్యాడెట్ల పేర్లు దాచి నంబర్లే ఉంచాలని పట్టుబట్టినదాన్ని నేనే. కాబట్టి కళింగకు తొమ్మిదో స్థానం వచ్చినప్పుడు మనసు చివుక్కుమన్నా, చేతులు దులుపుకుని, క్యాడెట్ల నంబర్లవారీ మార్కులతో సహా ముసాయిదా జాబితా అకాడమీలకు పంపేశాను. అభ్యంతరాలు చెప్పుకోవడానికి వాళ్ళకు మూడు వారాల గడువుంటుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం హిమజ ఫోన్ చేసింది.

"అమ్మా, 4117 నేనే."

"ఏ 4117?"

"నీ లిస్టులో అట్టడుగు నుంచి రెండోది."

బల్ల మీది జాబితా లాగి చూశాను, 4117 అక్కడే ఉంది.

"నన్ను పంపించేస్తున్నారమ్మా. మొత్తం ఇరవై ముగ్గురిని. తక్కువ మార్కులోళ్ళని ఇప్పుడు తీసేస్తే అకాడమీ సగటు పెరుగుతాదట. ఆరోగ్యం బాగోలేదని కాగితం రాయించుకుంటున్నారు. ఐదు వారాలు ఉంటే నాకు అధికారిగా కమిషనొచ్చేది."

సగటు పెంచుకోవడానికి కాలేజీలు వేసే ఇలాంటి ఎత్తులు నేను ఎన్నో చూశాను. పరీక్ష ముందు మొద్దు పిల్లలకు టీసీలిచ్చి పంపేవాళ్ళను చూసి, నలుగురిలో నవ్వుకుంటూ చెప్పుకునేదాన్ని కూడా. ఆ రోజు నవ్వు రాలేదు. నాకు కోపం వచ్చింది, అదీ ముందు నా కూతురి మీదే వచ్చింది. చిన్నప్పటి నుంచీ చురుకైన పిల్ల, తుఫానులో అంత మందంగా ఎందుకు తయారైంది అని.

శనివారం పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసింది. మా ఆయన గౌరునాయుడు హైస్కూల్లో సైన్సు మేష్టారు. కూతురు వస్తోందని వంజరం చేప తెచ్చి పులుసు పెట్టాడు. ఉడుకుతున్న గిన్నెను గుడ్డతో పట్టుకుని హిమజ "దించుతున్నాను" అంది. అని, గిన్నె గాల్లో పెట్టుకుని అలాగే నిలబడింది.

"దించు మరి! చేతులు కాల్తాయి" అని కసిరాను.

ఆమె కదల్లేదు. మా ఆయన గట్టు మీద నుంచి కత్తి తీసి, తన చెయ్యి కూడా తీసి, "దించుతున్నావు" అన్నాడు. అప్పుడు "కానీ" అని దించింది.

"ఏటే ఈ నాటకం?" అన్నాను.

"నాటకం కాదమ్మా, బదులు మాట. మా కళింగలో మొదటి రోజే నేర్పుతారు. చేసే పని పైకి చెప్పాలి. ఎదటోళ్ళు ఆ మాటే తిరిగి చెప్పాలి. అప్పుడు నువ్వు 'కానీ' అనాలి. బదులు రాకపోతే ఎదటోడికి వినపడలేదనో, వాడు ఆపదలో ఉన్నాడనో లెక్క. కొత్త ఓడల్లో యంత్రాలే అన్నీ తిప్పుతున్నాయని మిగతా అకాడమీలోళ్ళు మానేసేరు. మేమే ఉంచుకున్నాం."

"సెలవులకొచ్చినప్పుడల్లా నా చేత కూడా చెప్పిస్తాది" అన్నాడు మా ఆయన. "నువ్వు ఇంట్లో ఉంటేగా నీకు తెలియడానికి."

పులుసు బాగా కుదిరిందని వాళ్ళిద్దరూ అనుకుంటున్నారు. నేను చెయ్యి కడుక్కుని లేచాను. నా బొమ్మ నావికులు నోరెత్తరు.

సోమవారం పొద్దున్నే ల్యాబుకు వెళ్ళి 4117 రికార్డు తీశాను. పాతిక వేల నకళ్ళను పరీక్షించాం, ఒక్క నకలు గొంతు కూడా నేను వినలేదు. వినాల్సిన అవసరం ఏముంది? అంకెలు వస్తున్నాయి కదా. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి తుఫాను పెట్టాను.

గాలి హోరులో నా కూతురి గొంతు, "ఎడమకి పది డిగ్రీలు తిప్పుదాం" అంది.

ఎవరూ పలకలేదు.

"ఎడమకి పది. చుక్కాని దగ్గర ఎవరున్నారు?"

పలకలేదు.

"వినిపిస్తే ఒక్క మాట చెప్పండి. దెబ్బ తగిలిందా? కంగారుపడకు, నేనొస్తున్నాను. ఉండు, వచ్చేస్తున్నాను."

తర్వాత మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు. ఆ చప్పుడు దగ్గర యంత్రం ఒక గుర్తు వేసింది. చోటు వదిలి పారిపోవుట, మైనస్ నలభై.

ఇంకో తుఫాను పెట్టాను. మరొకటి. వెయ్యింటిలో ఆరువందల పన్నెండుసార్లు మా హిమజ పలకని మనిషిని వెతుక్కుంటూ కిందికి వెళ్ళింది. ఆరువందల పన్నెండుసార్లూ నా యంత్రం దాన్ని పిరికితనం అని రాసుకుంది. మిగతాసార్లు 'కానీ' అనకుండా ఓడ మునిగిపోయేదాకా పిలుస్తూనే ఉంది. నకలుకు బాధ ఉంటుందా అని సభల్లో నన్ను అడిగేవారు. ఉండదని ధీమాగా చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు తెలియదని చెబుతాను. కన్నకూతుర్ని వెయ్యిసార్లు ఎవరూ లేని ఓడ ఎక్కించి పంపాను, పైగా పిలుస్తోందని మార్కులు కోశాను. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుని పనిలో పడ్డాను.

తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. ర్యాంకులవాళ్ళం ఏదైనా తలకింత అని లెక్క కడతాం. తలకింత జీతం, తలకింత మార్కులు. అదే అలవాటున ఓడను కూడా తలకొకటి చొప్పున పంచాను. ఓడ మీద ఒక్కడు ఎప్పుడూ ఉండడన్న సంగతి సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. కళింగవాళ్ళు ఎంత బాగా నేర్పితే వాళ్ళ పిల్లలు అంత ఎక్కువసేపు బదులు కోసం ఆగారు. అంటే నేర్పిన కొద్దీ మార్కులు తగ్గాయి.

ఈసారి ఏడుగురేసి నకళ్ళను ఒకే ఓడ ఎక్కించాను. అకాడమీ అకాడమీకీ మళ్ళీ వెయ్యి తుఫానులు. గురువారానికి లెక్క తేలింది. కళింగ ఓడలు వెయ్యిలో తొమ్మిదివందల పదమూడు ఒడ్డు చేరాయి. మొదటి స్థానంలో ఉన్న పడమటి తీరం అకాడమీవి ఐదువందల ఎనభై ఎనిమిది. ఒంటరిగా చాకుల్లా ఉన్న ఆ పిల్లలను ఏడుగురిని కలిపేసరికి ముగ్గురు ఒకేసారి ఆజ్ఞలిచ్చారు, ఎవరి మాటా ఎవరూ వినిపించుకోలేదు.

తారకనాథ్ గారు నన్ను తిడతారనుకున్నాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు.

"తొమ్మిదోది ఒకటోదైందా! ఒకటోది తొమ్మిదోదైందా! డాక్టరు గారూ, ఇలాంటి జాబితా జన్మకొకసారి పడుతుందండీ. అభ్యంతరాల గడువు సంగతి నేను చూసుకుంటాను, శుక్రవారం సాయంత్రానికల్లా సంతకం పెట్టేయండి, ఆదివారం పేపర్లలో వచ్చేస్తుంది."

ఒప్పందం ప్రకారం నా సంతకం లేనిదే సైనిక అకాడమీల జాబితా వెలువడకూడదు. నకలు నాది కాబట్టి ఆ ఒక్క షరతు నేను రాయించుకున్నాను.

శుక్రవారం ఉదయం కళింగ కమాండెంట్ నరహరి గారు ఫోన్ చేశారు. కరీంనగర్ మనిషి, గొంతు గట్టిది.

"మేడం, గట్లెట్ల జరిగిందో నాకు తెల్వది గానీ, సల్లని మాట చెప్పిన్రు. మీరు సంతకం పెట్టున్రి, ఇరవై ముగ్గురిని ఎల్లుండే వాపస్ పిలుస్త. మీ పాప కూడా అండ్లనే ఉన్నదట గద."

"నేను పెట్టకపోతే?"

"పెట్టకపోతే నా దగ్గర ఉన్నది పాత లిస్టే. పైనోళ్ళకు నేనేం చూపియ్యాలె?"

పెన్ను తీశాను. అబద్ధం ఎందుకు, సంతోషంగానే తీశాను. కాగితాల దొంతరలో పైనున్నది పడమటి తీరం అకాడమీ ఉత్తరం. కొత్త ముసాయిదా వాళ్ళకు ముందురోజే అందింది, అందులో ఓడల లెక్కే ఉంది, క్యాడెట్ల నంబర్లు లేవు. నాలుగు పంక్తులు. ఫలితం చూసి చింతిస్తున్నామనీ, జాబితా వెలువడేలోగా తగు చర్య తీసుకుంటామనీ, అట్టడుగున ఉన్న నలభై మంది క్యాడెట్ల నంబర్లు వెంటనే పంపవలసిందనీ అందులో రాశారు.

ఆ నలభై మందికీ ఇళ్ళున్నాయి, ఇళ్ళలో తల్లులున్నారు. వాళ్ళలో ఎవరి దగ్గరా నకలు యంత్రం లేదు. పెన్ను పక్కన పెట్టాను. తర్వాత హిమజకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"వాళ్ళకి బదులు చెప్పడం ఎవరూ నేర్పలేదమ్మా. అది వాళ్ళ తప్పేటి?" అంది.

"తప్పు కాదు. కానీ నేను సంతకం పెట్టకపోతే నీ కమిషను పోతుందే. నీతోపాటు ఇంకో ఇరవై రెండుమందిది."

ఫోన్‌లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏడుస్తున్నావేటి?"

"ఏడుస్తున్నాను. ఏడవకూడదేటి? నాలుగేళ్ళమ్మా! అయినా పెట్టొద్దు. మా వాళ్ళనడిగినా ఇదే అంటారు. కావాలంటే అడుగుతాను."

అడిగింది. గంట తర్వాత ఇరవై రెండు పేర్లతో మెసేజ్ వచ్చింది. ఇద్దరు ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదని దాచకుండా రాశారు. నేను పెన్ను మూత పెట్టి, తారకనాథ్ గారి గదికి వెళ్ళి ఈ ఏడాది సైనిక అకాడమీల జాబితా లేదని చెప్పాను.

"తప్పు దిద్దారు కదండీ! ఇప్పుడు కూడా వద్దంటే ఎలా?" అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

"ఒక తప్పు దిద్దాను. నాకు కనబడనిది ఇంకెంత ఉందో తెలియదు. మనం అంకె పంపుతున్నాం, వాళ్ళు ఆ అంకెతో పిల్లల్ని గెంటుతున్నారు. తీసుకోండి నా గది తాళాలు" అన్నాను. పాతికేళ్ళ ఉద్యోగం అలా అయిపోయింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగేశాను.

అక్కడి నుంచి నేరుగా భీమిలి దారి పట్టాను. నరహరి గారు నన్ను చూసి లేచి నిలబడలేదు.

"నేను పైనోళ్ళకు ఏం చెప్పాలె మేడం? కొత్త లిస్టు లేదు, పాతది తప్పంటున్రు."

"మీరు ముప్పై ఏళ్ళు సముద్రం మీద ఉన్నారు. లిస్టు లేనప్పుడు క్యాడెట్‌ను ఎలా చూసేవారు?"

"ఎట్ల చూస్తం? బోటెక్కించి చూస్తం."

"మరి ఎక్కించండి. పనికిరాదనిపిస్తే మీ చేత్తో మీరే రాసి పంపించేయండి. యంత్రం చెప్పిందని మాత్రం అనకండి."

ఆయన ముఖం ఎర్రబడింది. కిటికీలోంచి సముద్రాన్ని చూశారు. ఆ రోజు కెరటాలు పెద్దవిగానే ఉన్నాయి.

"సరే. ఆదివారం పొద్దుగాల బోటు తీస్త. మీ పాపతోనే మొదలు. మీరూ రండి. తీసేస్తే మీ కండ్ల ముంగట్నే తీసేస్త."

ఆదివారం ఏడు గంటలకు బోటెక్కాం. హిమజ, మరో ఐదుగురు క్యాడెట్లు, వెనక చేతులు కట్టుకుని నరహరి గారు, లైఫ్ జాకెట్లో నేను. పావుగంటలోనే పొద్దున తిన్న ఇడ్లీలు సముద్రానికి సమర్పించాను. నా కూతురు నావైపు కన్నెత్తి చూడలేదు. చూస్తే నాకు నచ్చేది కాదు.

కొండ మొన దాటాక నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన నల్లరాళ్ళ వరుస ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి నరహరి గారు ముందు చెప్పకుండా ఇంజను ఆపేశారు. అదే పరీక్ష. కెరటాలు బోటును అడ్డంగా పట్టి రాళ్ళవైపు నెట్టడం మొదలుపెట్టాయి.

"లంగరు వేద్దాం!" అని అరిచింది హిమజ.

లంగరు విడిచే మీట దగ్గరున్న మేరీ అనే అమ్మాయి "లంగరు వేద్దాం!" అంది. బోటు ముందుభాగంలో లంగరు తాడు చూసుకునే కుర్రాడు సోమేశ్. అతను కూడా ఆ మాట తిరిగి చెప్పాలి. తుంపరలో అటువైపు ఏమీ కనబడడం లేదు. అతని గొంతు రాలేదు.

"సోమేశ్! లంగరు వేద్దాం!"

రాలేదు. రాళ్ళు దగ్గరవుతున్నాయి.

"కానీ అను! ఏం చూస్తున్నవ్?" అని గర్జించారు నరహరి గారు.

"బదులు రాలేదు సార్."

"రాళ్ళు కనవడ్తలేవా? ఇది నా ఆర్డర్! లంగరు వెయ్యి!"

మేరీ మీట మీద చెయ్యి వేసి హిమజ వైపు చూసింది. హిమజ తల అడ్డంగా ఆడించింది. "బదులు రాలేదు సార్. రమణీ, ముందుకు పోయి చూడు! పరుగెత్తు!"

వద్దనుకుంటూనే నేను సెకండ్లు లెక్కపెడుతున్నాను. పాతికేళ్ళ పాడు అలవాటు. ఆరు, ఏడు, ఎనిమిది. వెయ్యమ్మా, వేసెయ్, నీ ఉద్యోగం పోతే పోయింది, రాళ్ళమ్మా అని లోపల అరుస్తున్నాను. తల్లిగా నాకు ఆ క్షణంలో బదులు మాటా అక్కర్లేదు, న్యాయమూ అక్కర్లేదు. నా పిల్ల బతికితే చాలు. పదకొండో సెకండులో తుంపర అవతలి నుంచి రమణి కేక వినిపించింది.

"కాలు తాడులో ఉంది! పడిపోయాడు, కాలికి తాడు చుట్టుకుంది! తీసేస్తున్నాను... తీసేశాను!"

"లంగరు వేద్దాం!" అంది హిమజ మూడోసారి.

"లంగరు వేద్దాం" అని సోమేశ్ గొంతు సన్నగా వచ్చింది.

"కానీ!"

మీట పడింది. తాడు బుస్సుమంటూ పోయింది. ఒకవేళ అతని కాలు అందులో ఉండి ఉంటే ఏమయ్యేదో అక్కడున్న ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. లంగరు నేలను పట్టుకుంది, బోటు ఒక్క కుదుపుతో ఆగింది. రాళ్ళ మీద అతుక్కున్న ఆల్చిప్పలు ఒక్కొక్కటీ కనిపించేంత దగ్గరగా ఆగింది.

ఇంజను వేసి, లంగరు ఎత్తి వెనక్కి తిరిగాం. సోమేశ్ చీలమండ వాచిపోయింది, నరహరి గారు అతని పక్కన కూర్చుని తన రుమాలుతో తనే కట్టు కట్టారు. ఒడ్డున దిగాక హిమజ ఆయన ముందుకొచ్చి నిటారుగా నిలబడింది.

"ఆజ్ఞ ధిక్కరించాను సార్. శిక్ష వేయండి."

ఆయన నావైపు తిరిగారు.

"ఇరవై ముగ్గురిని ఒక్కొక్కల్ల బోటెక్కియ్యాలంటే మూడు వారాలు పడ్తది మేడం."

"పట్టనివ్వండి" అన్నాను.

"మీరు లెక్కవెట్టే ఉంటరు. ఎన్ని సెకండ్లు?"

"పదకొండు."

జేబులోంచి తడిసిన పుస్తకం తీశారు. బోటు అంచు మీద ఆనించి, మా ఇద్దరికీ కనబడేలాగే రాశారు. "క్యాడెట్ హిమజ. పదకొండు సెకండ్లు ఆగింది. నా ఆజ్ఞ వినలేదు. ఓడ అప్పగించవచ్చు."